బొట్టు అనే కుక్కకి తొడ ఎముక విరిగింది, ఇల్లు వెతకాలి: ఫోస్టర్ చేసిన (ఇల్లు దొరికేదాకా కుక్కని ఉంచుకున్న) అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

#1 తులసికోట
అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

బండి గుద్దితే రోడ్డు పక్కన పడి ఉన్న కుక్క ఒకటి మా ఇంటికి వచ్చి నాలుగు రోజులైంది. ఆడది, ఏడాదిన్నర ఉంటుందన్నారు, 13 కిలోలు. ఎడమ వెనక కాలి తొడ ఎముక మధ్యలో విరిగింది. ప్లేటు, స్క్రూలు వేశారు. కాపాడినవాళ్ళ దగ్గర చోటు లేదట, "ఇల్లు దొరికేదాకా ఉంచుకోండి" అంటే ఊఁ అన్నాను. నుదుటి మీద తెల్లమచ్చ ఉందని అమ్మ దాన్ని బొట్టు అంటోంది. పేరు పెడితే వదల్లేమే అని నేను మొత్తుకున్నా, ఎవరు వింటారు.

ఇంట్లో అమ్మ, నేను, పదకొండేళ్ళ మా ముసలి మగకుక్క. సెలవు రోజుల్లో అక్క కొడుకు వస్తాడు, ఏడేళ్ళవాడు.

సందేహాలు చాలా ఉన్నాయి. ఒకటికి వెళ్తోంది గానీ ఆపరేషన్ అయ్యాక రెండుకి వెళ్ళనే లేదు. క్రేట్ తలుపు తీసినా బయటకు రాదు. తిండిగిన్నె దగ్గర చెయ్యి కనిపిస్తే గుర్రుమంటోంది. పైగా 8 వారాలు క్రేట్‌లోనే ఉంచమన్నారు. ఎనిమిది వారాలా! నాలుగు రోజులకే నాకు ఊపిరాడటం లేదు.

#2 మూడుకాళ్ళ_ముత్యం
తులసికోట గారూ, ముందు ఆ రెండో సంగతి. మత్తుమందు, నొప్పి మందులు, ఆపరేషన్‌కి ముందు పస్తు, ఇన్ని కలిశాక మూడు రోజుల దాకా ఆలస్యమవడం మామూలే. మీకు నాలుగో రోజు కాబట్టి డాక్టర్‌కి ఒక ఫోన్ చెయ్యండి, కంగారు మాత్రం అక్కర్లేదు. మూత్రం ఆగిపోతే అది వేరే కథ. ఒక రోజంతా చుక్క పడకపోతే తెల్లారేదాకా ఆగకూడదు. బండి గుద్దిన కుక్కల్లో మూత్రాశయం, నడుము నరాలు దెబ్బతిని ఉండొచ్చు.

ఇంకోటి, ఒకోసారి కుక్క రెండుకి వెళ్ళలేక కాదు, వంగి కూర్చోలేక వెళ్ళదు. ఒక పెద్ద తువ్వాలు పొడుగ్గా మడిచి పొట్ట కింద, తొడలకి ముందుగా వేసి, రెండు కొసలూ నడుం మీదుగా పట్టుకోండి. ఎత్తేయకూడదు, కొంచెం బరువు తీసుకోవాలంతే. కుట్లకి తువ్వాలు రాసుకోకుండా చూడండి.

#3 చింతపిక్క
ఎనిమిది వారాలు బోనులో పెట్టడం నాకైతే క్రూరంగా ఉంది. వీధిలో పుట్టి పెరిగిన ప్రాణి అది. కాలు నొప్పిస్తే అదే ఆగుతుంది కదా, జంతువుకి ఆ మాత్రం తెలీదా?

#4 రాత్రిబస్సు
చింతపిక్కా, తెలీదు. నేను ఇలాగే అనుకుని దెబ్బ తిన్నాను కాబట్టి చెప్తున్నా.

నా దగ్గరున్న కుక్కకి మూడో వారానికి నొప్పి తగ్గింది. అది హుషారుగా తోకాడిస్తుంటే జాలేసి హాల్లో వదిలాను. సోఫా మీదికి ఒక్క గెంతు. ప్లేటు వంగింది, రెండు స్క్రూలు ఊడాయి. మళ్ళీ ఆపరేషన్, మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్క. ప్లేటు అనేది ఎముక అతుక్కునేదాకా పట్టి ఉంచే దన్ను మాత్రమే. విరిగినచోట కొత్త ఎముక ముద్దలా పేరుకుని గట్టిపడాలంటే వారాలు పడుతుంది. నొప్పి మాత్రం అంతకంటే చాలా ముందే పోతుంది. ఆ మధ్య కాలమే ప్రమాదం. కుక్కకి బాగైపోయినట్టు అనిపిస్తుంది, మనకీ అనిపిస్తుంది.

#5 మందులచీటీ
పశువుల ఆసుపత్రిలో సహాయకురాలిగా పదేళ్ళు చేశాను. డాక్టర్‌ని కాను, ఆ తేడా గుర్తుపెట్టుకుని చదవండి.

నొప్పి మాత్రలు అన్నం తిన్నాకే వెయ్యండి. వాంతి, నల్లగా తారులాంటి మలం, తిండి మానేయడం, వీటిలో ఏది కనిపించినా మాత్ర ఆపి డాక్టర్‌ని అడగండి. ఇంట్లో మనుషులు వేసుకునే ఇబుప్రోఫెన్, పారాసెటమాల్ "చిన్న ముక్కేగా" అని వెయ్యకండి. అలా వేసి తెచ్చిన కుక్కల్ని చూశాను.

మెడకి కట్టిన గరాటు కుట్లు విప్పేదాకా తియ్యొద్దు. 10 నుంచి 14 రోజులు. జాలిపడి రాత్రిపూట తీస్తారు, పొద్దునకి కుట్లు ఉండవు. కుట్లు రోజూ ఫొటో తీసి పెట్టుకోండి, వాపు పెరుగుతోందో తగ్గుతోందో కంటికి గుర్తుండదు.

మీ పెద్దాయనకి, అదే ఆ ముసలి కుక్కకి, టీకాలన్నీ వేయించి ఉన్నాయా? ఉన్నా సరే, రెండు వారాలు ఇద్దరినీ వేరే గదుల్లో ఉంచండి. గిన్నెలు వేరు, చెప్పులు వేరు. పార్వో అనే కుక్కల అంటువ్యాధి వైరస్ అయితే నేలలోనే నెలల తరబడి బతుకుతుంది.

#6 తులసికోట
అక్కా, నిన్న రాత్రే రెండో పని జరిగింది! తువ్వాలు పద్ధతిలో, పెరట్లో, 11 గంటలకి. నేనూ అమ్మా చప్పట్లు కొట్టబోయి ఆగాం, భయపడుతుందని.

గిన్నె సంగతి ఎవరూ చెప్పలేదు.

#7 పెంకుటిల్లు
గిన్నె దగ్గర గుర్రుమంటే సింపుల్. మధ్యలో గిన్నె లాగేసుకోవాలి, రెండు నిమిషాలాగి ఇవ్వాలి. ఇంట్లో పెద్ద ఎవరో దానికి తెలియాలి. మా తాతగారు అన్ని కుక్కల్నీ అలాగే పెంచారు.

#8 మూడుకాళ్ళ_ముత్యం
పెంకుటిల్లు గారూ, మీ తాతగారి మీద గౌరవంతోనే చెప్తున్నాను, దయచేసి ఈ సలహా ఇవ్వకండి.

ఆకలితో తిరిగిన కుక్క భయం ఏమిటి? తింటుంటే ఎవరో వచ్చి లాక్కుంటారని. మనం లాక్కుంటే దాని భయం నిజమని మనమే రుజువు చేసినట్టు. గుర్రుమన్నప్పుడు కొడితే ఆ చప్పుడు మానేస్తుంది, భయం మాత్రం లోపలే ఉంటుంది. తర్వాత గుర్రు లేకుండా నేరుగా పళ్ళు దిగుతాయి. గుర్రుమనే కుక్క మనకి ముందే చెప్తోంది, మర్యాదస్తురాలు అనుకోండి.

తులసికోట గారూ, ఇలా చెయ్యండి. అది తింటున్నప్పుడు అది పట్టించుకోనంత దూరం నుంచి నడుస్తూ, గిన్నెలో పెట్టినదానికంటే రుచైన ముక్క ఒకటి విసిరి ఆగకుండా వెళ్ళిపోండి. రోజుకి నాలుగైదుసార్లు. మీ అడుగుల చప్పుడుకి తల గిన్నె మీదికి వంచి బిగుసుకోవడం పోయి, తలెత్తి మీవైపు చూస్తుందే, అప్పుడు అరడుగు దగ్గరికి. తొందరొద్దు. గిన్నె ముట్టుకోవాల్సిన పనే లేదు, తిన్నాక క్రేట్ నుంచి బయటికి పిలిచి తీసుకోండి.

#9 పెంకుటిల్లు
సరే, చూద్దాం.

#10 రాత్రిబస్సు
గుర్రుకంటే ముందు వచ్చే సంకేతాలు కూడా చూడండి. ఆకలి లేకుండా పెదాలు నాక్కోవడం, నిద్ర రాకుండా ఆవలింత, తల పక్కకి తిప్పి కంటి తెల్లగుడ్డు కనిపించేలా చూడటం, కదలకుండా బిగుసుకుపోవడం. ఆఖరిది అన్నిటికంటే ముఖ్యం. తోక ఊగుతున్నా ఒళ్ళు బిగుసుకుని ఉంటే దగ్గరికి వెళ్ళొద్దు.

క్రేట్‌లో పిచ్చెక్కకుండా దానికి పని పెట్టండి. సగం తిండి గిన్నెలో కాదు, పాత గుడ్డలో చుట్టి, అట్టపెట్టెలో దాచి ఇవ్వండి. ముక్కుతో వెతుక్కుంటుంది, కాలు కదపక్కర్లేదు. పావుగంట వాసన చూస్తే అరగంట నడిచినంత అలసిపోతుంది. ఇది కొలిచిన లెక్క కాదు, నా కళ్ళతో చూసింది.

#11 తులసికోట
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. మంచి వార్తతో మొదలుపెట్టాలని అనుకున్నాను, కుదరలేదు.

కుట్లు విప్పారు, గాయం బాగా మానింది. నేలకి మునివేళ్ళు ఆనిస్తోంది. మా పెద్దాయనా అదీ తలుపు సందులోంచి ముక్కులు రాసుకుంటున్నారు. గిన్నె దగ్గర నేను రెండడుగుల దూరంలో నిలబడగలుగుతున్నాను. అంతా బాగుందని ధీమాగా ఉన్నాను, అదే తప్పయింది.

నిన్న నేను స్నానానికి వెళ్ళినప్పుడు పిల్లవాడు క్రేట్ కమ్మీల్లోంచి చెయ్యి పెట్టి అది నములుతున్న ముక్క తీయబోయాడు. పట్టేసింది. రక్తం రాలేదు, మణికట్టు మీద చర్మం గీసుకుంది. సబ్బుతో ధారగా 15 నిమిషాలు కడిగాం, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్తే టీకా కోర్సు మొదలుపెట్టారు. బొట్టుకి నాకిచ్చిన రోజే రాబిస్ టీకా వేశారు, కానీ అంతకుముందు దాని చరిత్ర తెలీదు కాబట్టి 10 రోజులు గమనించమన్నారు. అక్క ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

#12 మందులచీటీ
కడిగింది, వెళ్ళింది, రెండూ సరైన పనులు. బాబు మిగతా డోసులు ఒక్కటి కూడా మానొద్దు, కుక్క ఆరోగ్యంగా కనిపిస్తోందని మీ అంతట మీరు ఆపొద్దు, డాక్టర్ ఆపమంటే తప్ప. ఆ 10 రోజుల లెక్క ఎందుకంటే, కరిచేనాటికి లాలాజలంలో వైరస్ ఉన్న కుక్క ఆ పది రోజుల్లోపే జబ్బుపడుతుంది. పది దాటి తిని తిరుగుతుంటే ఆ కాటు నుంచి బాబుకి రాబిస్ భయం లేనట్టే.

ఇక నుంచి మీరు కళ్ళెదుట లేనప్పుడు ఆ గదికి తాళం. గొళ్ళెం కాదు, తాళం.

#13 చింతపిక్క
పాపం తులసికోట గారి తప్పేం లేదు. బొట్టుదీ లేదు. పిల్లలకి ఎవరు చెప్పారు నోటి దగ్గరది లాగమని?

#14 తులసికోట
చింతపిక్క గారూ, నా తప్పే. వాడికి చెప్పాల్సింది నేనే, తలుపు వెయ్యాల్సింది నేనే.

ఇప్పుడు అసలు ప్రశ్న. దత్తతకి రాసేటప్పుడు ఇది రాయాలా? రాస్తే ఎవరు తీసుకుంటారు? ఒక కాలు కుంటి, పైగా కరిచింది అంటే ఫోన్ కూడా చెయ్యరు. అది నిజంగా కరిచే కుక్క కాదు. మూలకి నెట్టేస్తే నేనైనా కరుస్తాను.

#15 గడ్డిపూలు
రాయకండి. నా సలహా అదే. మీరు చెప్పిన దాని ప్రకారం అది కాటు కూడా కాదు, గీత. పిల్లలున్న ఇంటికి ఇవ్వకుండా చూసుకుంటే చాలు, కారణం చెప్పక్కర్లేదు. నేను ఇప్పటిదాకా ఆరు కుక్కలకి ఇళ్ళు వెతికాను, "కరిచింది" అన్న మాట చూస్తే జనం తర్వాతి వాక్యం చదవరు.

#16 ఉత్తరపుగాలి
ఈ చర్చలో నేను ఇంతవరకు మాట్లాడలేదు, అటువైపు నుంచి చెప్తాను. నేను తీసుకున్నవాణ్ణి.

నాకిచ్చినప్పుడు "చాలా సాధువు, అందరితో కలిసిపోతాడు" అన్నారు. నిద్రలో ముట్టుకుంటే వాడు ఉలిక్కిపడి పట్టుకుంటాడని వాళ్ళకి తెలుసు. నాకు తెలీదు. మా నాన్న చీకట్లో వాడి మీద కాలేశారు, పిక్కకి ఏడు కుట్లు పడ్డాయి. ఫోన్ చేస్తే "అవునండీ, మా ఇంట్లో కూడా ఒకసారి..." అని నసిగారు. ఆ "ఒకసారి" నాకు ముందే చెప్పి ఉంటే వాడి పక్క నడవాలో కాకుండా మూలలో వేసేవాణ్ణి. అంతే, అంతకంటే ఏమీ మారాల్సిన పనిలేదు. వాడు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాడు, మూలలో పడుకుంటాడు. కానీ మా నాన్న వాణ్ణి మళ్ళీ ముట్టుకోలేదు.

దాచినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. వాళ్ళు కూడా "రాస్తే ఎవరు తీసుకుంటారు" అనే అనుకున్నారు.

#17 గడ్డిపూలు
ఉత్తరపుగాలి గారూ, మీ నాన్నగారి సంగతి బాధగా ఉంది. కానీ చెప్పడం వేరు, ప్రకటనలో రాయడం వేరు. ఫోన్ చేసినవాళ్ళకి మొదటి మాటల్లోనే చెప్పొచ్చు కదా? నేను అనేది అదే.

#18 మూడుకాళ్ళ_ముత్యం
పోస్టు 15లో మీరు "కారణం చెప్పక్కర్లేదు" అన్నారు, ఇప్పుడు మొదటి మాటల్లోనే చెప్పొచ్చు అంటున్నారు. సరే, ఇక్కడికి వచ్చారు, సంతోషం.

నా మాటేమిటంటే "కరిచింది" అన్న ముద్ర రాయకండి, జరిగింది రాయండి. ఎప్పుడు, ఎక్కడ, ఏం నములుతుంటే, ఎవరు, ఎంత లోతు, తర్వాత ఏం చేశారు. ముద్ర చూసి భయపడేవాళ్ళు కూడా జరిగింది చదివితే తమ ఇంటికి సరిపోతుందో లేదో లెక్కేసుకుంటారు. కాపాడినవాళ్ళకి కూడా ఈరోజే చెప్పండి. కుక్క పేపర్లు వాళ్ళ పేరు మీదున్నాయి, ఇల్లు ఖాయం చేసేదీ వాళ్ళే.

#19 తులసికోట
చెప్పాను. తిడతారనుకున్నాను. "మూతిబుట్ట అలవాటు చెయ్యండి, ముందు ముందు ఆసుపత్రిలో కూడా పనికొస్తుంది" అని ఒకటి పంపారు. నోరు తెరవగలిగే, నీళ్ళు తాగగలిగే బుట్టలాంటిది. లోపల ముద్ద రాసి పట్టుకుంటే తనే మూతి పెడుతోంది. ఇంకా పట్టీ బిగించలేదు.

పది రోజులు దాటాయి. బొట్టు తింటోంది, తాగుతోంది, నా చెప్పు ఒకటి నమిలింది కూడా.

#20 తులసికోట
ఆరో వారం ఎక్స్‌రే! విరిగినచోట చుట్టూ తెల్లగా మబ్బులా కమ్ముకుంది. ప్లేటు కదల్లేదు. ఇక పట్టీతో రోజుకి మూడుసార్లు, 5 నిమిషాల చొప్పున నడిపించమన్నారు. కానీ ఎడమ తొడ పుల్లలా అయిపోయింది, కుడిదానితో పోలిస్తే భయమేస్తోంది.

#21 రాత్రిబస్సు
వాడని కండ అలాగే కరుగుతుంది, వాడితే వస్తుంది. దర్జీ టేపుతో రెండు తొడలూ ఒకే ఎత్తులో కొలిచి వారానికోసారి రాసుకోండి. కళ్ళని నమ్మొద్దు.

నెమ్మదిగా నడిపించండి, అసలు కిటుకు అదే. వేగంగా వెళ్తే కుక్క చెడ్డకాలు ఎత్తేసి మూడు కాళ్ళతో లాగిస్తుంది. మెల్లగా నడిస్తే నాలుగూ వేయక తప్పదు. డాక్టర్ సరేనంటే, కూర్చోబెట్టి లేపడం ఐదుసార్లు, గోడ వారగా, కాలు పక్కకి జారకుండా. గోళ్ళు కత్తిరించారా? పొడుగు గోళ్ళతో నున్నటి నేల మీద మంచి కాళ్ళున్న కుక్కే జారుతుంది. నడిచే దారంతా పాత చాపలో, రబ్బరు మ్యాట్లో వెయ్యండి.

#22 పెంకుటిల్లు
ముత్యం గారు చెప్పినట్టు మా ఇంట్లో కుక్క మీద ప్రయత్నించాను, విసిరి వెళ్ళిపోవడం. ఎనిమిదేళ్ళుగా గుర్రుమనేది, ఇప్పుడు నన్ను చూస్తే తోకాడిస్తోంది. ఊరికే చెప్తున్నా.

#23 తులసికోట
హహ, పెంకుటిల్లు గారూ!

తొమ్మిదో వారం ఎక్స్‌రే కూడా బాగుంది, పదో వారంలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది. మళ్ళీ గరాటు, మళ్ళీ అలక. ఇక ఇల్లు వెతకాలి. ప్రకటన రాశాను, చూడండి.

"నేను బొట్టుని. నన్ను ఎవరో గుద్ది చచ్చేలా వదిలేసి పోయారు. ఎన్నో రాత్రులు ఏడ్చాను. నాకూ ఒక అమ్మ కావాలి. కుంటిదాన్నని కాదంటారా?"

#24 మందులచీటీ
తల్లీ, ఇది చదివితే నాకే ఏడుపొచ్చింది, అందుకే వద్దంటున్నాను. ఏడుపుతో వచ్చినవాళ్ళు ఏడుపు ఆరాక తిప్పి పంపిస్తారు. ఇది చదివాక బొట్టు ఇంట్లో ఎలా ఉంటుందో ఒక్క ముక్క తెలిసిందా? బరువు లేదు, వయసు లేదు, మెట్లెక్కుతుందో లేదో లేదు.

#25 ఉత్తరపుగాలి
నేను తీసుకునేవాణ్ణయితే అడిగేవి: ఒంటరిగా ఎంతసేపు ఉండగలదు? రాత్రి ఎక్కడ పడుకుంటుంది? ఉరుములకి ఏం చేస్తుంది? ఇంకో కుక్కతో ఎలా? ముందు ముందు కాలికి ఖర్చు ఉంటుందా? ఇంకా ఒకటి, దానికి ఏది చేస్తే సంతోషం?

#26 తులసికోట
రాత్రంతా కూర్చుని మళ్ళీ రాశాను.

"బొట్టు. ఆడకుక్క, సుమారు ఏడాదిన్నర దాటింది, ఇప్పుడు 14.5 కిలోలు. టీకాలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయ్యాయి. మెడ దగ్గర చర్మం కింద 15 అంకెల గుర్తింపు చిప్ ఉంది. బండి గుద్దితే ఎడమ తొడ ఎముక విరిగింది, ప్లేటు లోపలే ఉంటుంది. మామూలుగా నడిచేటప్పుడు కుంటు దాదాపు తెలీదు, నిద్ర లేచిన మొదటి పది అడుగుల్లో తెలుస్తుంది. వయసు మీద పడ్డాక ఆ కాలికి కీళ్ళనొప్పులు రావచ్చు, అందుకే బరువు పెరగనివ్వకూడదు. సోఫాల మీంచి దూకించొద్దు.

కాలి ఆపరేషన్ అయిన మూడు వారాలకి, క్రేట్‌లో నములుతున్నది లాగబోయిన ఏడేళ్ళ బాబు చేతిని పట్టింది. చర్మం గీసుకుంది, రక్తం రాలేదు. పెద్దవాళ్ళెవరూ గదిలో లేరు. అప్పటినుంచి తిండి దగ్గర మార్పిడి పద్ధతి (నోటిలోది వదిలితే ఇంకా రుచైనది ఇవ్వడం) నేర్పుతున్నాం, ఇప్పుడు నేను పక్కన నిలబడినా తోకాడిస్తూ తింటుంది. చిన్నపిల్లలున్న ఇంటికి ఇవ్వం.

నాలుగు గంటలు ఒంటరిగా ఉంటుంది. ఉరిమితే మంచం కింద దూరుతుంది. నెమ్మదైన ముసలి కుక్కతో బాగుంటుంది, మీద పడి ఆడే కుక్కతో ఇంకా చూడలేదు. చెవి వెనక గోకితే కళ్ళు మూసుకుని పక్కకి ఒరిగిపోతుంది, ఒకోసారి పడిపోతుంది కూడా."

#27 గడ్డిపూలు
ఇది బాగుంది. ఒప్పుకుంటున్నాను. ఆ ఆఖరి వాక్యం పైకి తెండి. వీడియో కూడా పెట్టండి, పక్కనుంచి నడుస్తున్నది, కుంటు కనిపించేలా.

#28 తులసికోట
పదకొండు ఫోన్లు వచ్చాయి. ఒకాయన గేటు దగ్గర కట్టేసి కాపలా పెడతానన్నారు. ఒకావిడ కూతురి పుట్టినరోజుకి చెప్పకుండా ఇస్తానన్నారు. ఇద్దరు "కరిచింది" దగ్గరే పెట్టేశారు, వాళ్ళ మీద నాకు కోపం లేదు. ఒక జంట మాత్రం గంట మాట్లాడారు. కింద అంతస్తు ఇల్లు, పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయారు, తొమ్మిదేళ్ళ కుక్క ఉంది. "నమిలేది మార్పిడి చేసేటప్పుడు ఏ మాట అంటారు?" అని అడిగారు. నేను "ఇచ్చెయ్" అంటాను. వాళ్ళు రాసుకున్నారు!

#29 రాత్రిబస్సు
వాళ్ళే.

రెండు కుక్కల్నీ ఇంట్లో కాకుండా బయట, ఎవరిదీ కాని చోట, ఒకే దిక్కుగా దూరంగా నడిపిస్తూ కలపండి. ఇచ్చే రోజు మెడపట్టీ ఒకటి, ఒంటికి హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే పట్టీ) ఒకటి, రెండిటికీ వేర్వేరు తాళ్ళు. కొత్త ఇంట్లో మొదటి రోజుల్లోనే ఎక్కువ కుక్కలు పారిపోతాయి, తలుపు తీసిన సందు చాలు. ఇప్పుడు తినేదే ఒక వారానికి సరిపడా ఇవ్వండి, కొత్తది మెల్లగా కలుపుతారు. అది పడుకునే దుప్పటి ఉతక్కుండా ఇవ్వండి.

ఎక్స్‌రేలు, మందుల చీటీలు, తొడ కొలతల కాగితం కూడా. "కుదరకపోతే వీధిలో వదలం, మరొకరికివ్వం, మీకే తిరిగిస్తాం" అని రాతపూర్వకంగా తీసుకోండి.

#30 తులసికోట
మొన్న ఇచ్చాను. అన్నీ మీరు చెప్పినట్టే. మా పెద్దాయన రెండు రోజులుగా ఆ గది ముందే పడుకుంటున్నాడు. అమ్మ మాట్లాడటం లేదు, నాతో.

#31 బొట్టువాళ్ళు
నమస్తే అండీ. బొట్టుని తీసుకున్నది మేమే. తులసికోట గారు ఈ చర్చ చూపించారు, మొత్తం చదివాం. పన్నెండు రోజులైంది. మొదటి మూడు రోజులు బల్ల కిందే ఉంది, ఇప్పుడు మావాడి పక్కన పడుకుంటోంది. "ఇచ్చెయ్" అంటే ఎముక వదిలేసి నా మొహం చూస్తోంది.

ఒక సందేహం. నిన్న సాయంత్రం నడిచి వచ్చాక ఎడమకాలు ఎత్తి పట్టుకుంది, ఒక పది నిమిషాలు. పొద్దున మామూలుగానే ఉంది. ఇది మామూలేనా?

#32 తులసికోట
అమ్మా, నిన్న ఎంతసేపు నడిచారు?

#33 బొట్టువాళ్ళు
అదీ... తను ఆగలేదండీ. ముప్పావుగంట అయ్యుంటుంది.

#34 రాత్రిబస్సు
ముప్పావుగంటా! మూడు రోజులు 10 నిమిషాలకి దించండి, తర్వాత వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచండి. మళ్ళీ ఎత్తినా, ముట్టుకుంటే మూలిగినా, తొడ వాచి వేడిగా ఉన్నా అదే రోజు డాక్టర్‌కి చూపించండి, ప్లేటు ఉన్న కాలు కదా.

#35 తులసికోట
రేపు పొద్దున నడిచేటప్పుడు వీడియో తీసి పెట్టండి. పక్కనుంచి ఒకటి, వెనకనుంచి ఒకటి. లేచిన వెంటనే తియ్యండి, ఆ మొదటి పది అడుగులు నేను చూడాలి.